మీడియా ఉద్యోగాల మీద పరిశోధన: వదిలేసి వెళ్లినవాళ్ల గురించి ఎవరైనా రాశారా?

నీలిసిరా

జర్నలిజంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. జర్నలిజం, అడ్వర్టైజింగ్ కోర్సులు చదివి ఈ రంగంలోకి వచ్చినవాళ్లు కొన్నేళ్లకే ఎందుకు వెళ్లిపోతున్నారు, వెళ్లాక ఏం చేస్తున్నారు అన్నది నేను పెట్టిన అంశం. కమిటీలో ఇద్దరు ఒప్పుకోలేదు. "ఇది హెచ్‌ఆర్ వాళ్ల పని. మీడియా పరిశోధన అంటే వార్తను పరిశీలించడం. ఏదైనా పత్రిక మొదటి పేజీలు తీసుకుని కంటెంట్ అనాలిసిస్, అంటే ఏ రకం వార్తలు ఎన్ని వచ్చాయో లెక్కగట్టడం, చెయ్యండి" అన్నారు. మా దగ్గర వచ్చిన థీసిస్‌లు చాలావరకు అవే. వార్తను కొలవడం అందరికీ వచ్చు, దాన్ని రాసిన మనిషి తర్వాత ఏమయ్యాడన్నది మాత్రం ఎవరికీ పట్టడం లేదు. నాతో చదువుకున్నవాళ్లలో ఎంతమంది ఇంకా ఈ పనిలో ఉన్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

వచ్చే సమావేశంలో మళ్లీ వాదించాలి. ఈ దారిలో గట్టి పరిశోధన ఉందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత సబ్ ఎడిటర్

ఉంది, అది కూడా చాలా పాతది. 1949 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక చిన్న పత్రిక వైర్ ఎడిటర్ (ఏజెన్సీ వార్తల్లో ఏవి వెయ్యాలో ఎంచేవాడు) చేత డేవిడ్ మానింగ్ వైట్ అనే పరిశోధకుడు వారం రోజులు ఒక పని చేయించాడు. వార్తా ఏజెన్సీల నుంచి వచ్చిన కాపీలో (వార్తల రాతల్లో) పక్కన పడేసిన ప్రతిదాని మీదా ఎందుకు పడేశాడో రాయాలి. ఆ ఎడిటర్‌కు 'మిస్టర్ గేట్స్' అని మారుపేరు పెట్టి 1950లో వ్యాసం అచ్చువేశాడు. వచ్చిన కాపీలో దాదాపు పదింట తొమ్మిది వంతులు పేజీలోకి రాలేదు. వార్తల మీద పరిశోధన మొదలైన రోజుల్లోనే డెస్క్‌లో కూర్చున్న మనిషిని చూశారన్నమాట.

మీకు ఇంకా పనికొచ్చేది 1955లో వారెన్ బ్రీడ్ రాసిన వ్యాసం. పత్రికల్లో పనిచేసే సుమారు 120 మందితో మాట్లాడాడు. యాజమాన్యం పాలసీ ఏమిటో కొత్తవాడిని కూర్చోబెట్టి ఎవరూ చెప్పరు. తన కాపీలో ఏం కొట్టేశారో, ఏం మిగిల్చారో చూసుకుంటూ అతనే పట్టేస్తాడు. నచ్చకపోయినా ఎందుకు లోబడతాడంటే, బ్రీడ్ చెప్పిన కారణాల్లో ఒకటి పైకి ఎదగాలన్న కోరిక. ఉద్యోగం గురించిన ఆశే వార్త రూపాన్ని మారుస్తోంది. మరి ఇది హెచ్‌ఆర్ వాళ్ల పని ఎలా అవుతుంది? మీ కమిటీని ఇదే అడగండి.

రెండో పేజీ

బ్రీడ్ రాసింది అక్షరాలా నిజం. నేను చేరిన కొత్తలో ఏ పేర్లు హెడ్డింగ్‌లో పెట్టకూడదో ఎవరూ చెప్పలేదు. నెల తిరిగేసరికి అన్నీ తెలిసిపోయాయి.

గణాంకం

పాత సబ్ ఎడిటర్ గారు చెప్పినవి మంచి పునాది. కానీ కమిటీలు అంకెలు అడుగుతాయి. అమెరికాలో జాన్‌స్టోన్, ఆయన సహచరులు 1971లో జర్నలిస్టుల మీద దేశవ్యాప్త సర్వే చేశారు. దాన్ని అందుకుని డేవిడ్ వీవర్, క్లీవ్‌ల్యాండ్ విల్‌హోయిట్ 1982లో మళ్లీ చేశారు. తర్వాత 1992, 2002, 2013, 2022లో అదే వరుస కొనసాగింది. వయసు, చదువు, జీతం, పని మీద తృప్తి, మానేసే ఆలోచన ఉందా లేదా, అన్నీ అడిగారు.

అందులో ఒక్క సంగతి చూడండి. 1982, 1992, 2002 సర్వేలు మూడింటిలోనూ మహిళలు మూడోవంతు దగ్గరే ఆగిపోయారు. 2013లో 37.5 శాతానికి వచ్చారు. అక్కడి జర్నలిజం కాలేజీల్లో మాత్రం 1970ల చివరి నుంచే అమ్మాయిలు సగం కంటే ఎక్కువ. చేరుతున్నారు, కానీ నిలవడం లేదు.

ఎర్రపెన్ను

అంత తొందరగా తీర్మానించకండి గణాంకం గారూ. అవి పదేళ్లకోసారి తీసిన ఫొటోలు. 1982లో కనిపించిన మనిషి 1992లో ఉన్నాడో లేడో ఆ సర్వే చెప్పదు, ప్రతిసారీ కొత్త శాంపిల్. అమ్మాయిలు చేరాక వెళ్లిపోయారా, డిగ్రీ అయ్యాక అసలు న్యూస్‌రూమ్‌కే రాకుండా పీఆర్‌కు (సంస్థల తరఫున ప్రచారం చూసే పనికి) వెళ్లారా? రెండూ ఒకే అంకెగా కనిపిస్తాయి. నీలిసిరా గారు తేల్చాల్సిందే అది.

గణాంకం

ఒప్పుకుంటాను, ఆ సర్వేతో అది తేలదు. కానీ ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది కదా. రెండో సంగతికి వేరే సర్వే ఉంది. జర్నలిజం డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు ఏ ఉద్యోగం దొరికిందో లీ బెకర్ బృందం ఏటా అడిగేది. 2013 దాకా నడిచింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

కంట్రిబ్యూటర్

ఇన్ని సర్వేలు చేశారంటున్నారు. నాలాంటివాళ్లను ఎవరైనా అడిగారా? చాలా ఏళ్లుగా వార్తలు పంపుతున్నాను. జీతం లేదు, అచ్చయిన దాన్ని బట్టి డబ్బులు. ఇల్లు గడవడానికి వేరే పని చేసుకుంటాను. మా ప్రాంతం వార్త మీకు తెలిసిందంటే అది నేను పంపినదే. నేను జర్నలిస్టునా కాదా?

గణాంకం

చాలా ముఖ్యమైన ప్రశ్న అడిగారు. 'వరల్డ్స్ ఆఫ్ జర్నలిజం స్టడీ' అని ఉంది, మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో థామస్ హానిట్ష్ నడిపించాడు. 2012 నుంచి 2016 వరకు 67 దేశాల్లో 27,500 మందికి పైగా జర్నలిస్టులను పలకరించారు. ఈ రంగంలో అంత పెద్దది అంతకుముందు లేదు. కానీ అందులో జర్నలిస్టుగా లెక్కకు రావాలంటే ఆదాయంలో కనీసం సగం వార్తల పని నుంచి రావాలి. అన్ని దేశాలనూ పోల్చాలంటే ఏదో ఒక గీత గీయక తప్పదు, అందుకు పెట్టారు.

కంట్రిబ్యూటర్

అంటే నేను లెక్కలో లేను.

పాత సబ్ ఎడిటర్

కంట్రిబ్యూటర్ గారూ, మీరు పంపకపోతే మా డెస్క్‌కు పని లేదు. ఇది ఊరడింపుగా అనడం లేదు, పేజీలు పెట్టినవాడిగా చెబుతున్నాను. మీలాంటివాళ్లు లేకుండా "జర్నలిస్టుల సగటు జీతం ఇంత, తృప్తి ఇంత" అని ఎవరు రాసినా అది పైఅంతస్తు లెక్క మాత్రమే. నీలిసిరా గారు తన నిర్వచనం మొదటి అధ్యాయంలోనే తేల్చుకోవాలి. అది పొరపాటైతే మిగతా అధ్యాయాలు ఎంత బాగా రాసినా లాభం లేదు.

తెల్ల కాగితం

అందరూ న్యూస్‌రూమ్ చుట్టూనే తిరుగుతున్నారు. ప్రశ్నలో అడ్వర్టైజింగ్ కూడా ఉంది. నేను కాపీరైటర్‌ని, ప్రకటనల్లో మాటలు రాస్తాను, కాబట్టి మా వైపు సంగతి చెబుతాను.

మా రంగంలో ఉద్యోగ జీవితాల మీద పరిశోధన తక్కువ. ఉన్నది మాత్రం పదునుగా ఉంది. షాన్ నిక్సన్ 2003లో లండన్ యాడ్ ఏజెన్సీల క్రియేటివ్ విభాగాల (ప్రకటనలు తయారుచేసేవాళ్ల) మీద పుస్తకం తెచ్చాడు. అక్కడ మగవాళ్ల సావాసం, పోటీ, కలిసి గడిపే తీరు పనిలోనే ఎలా కలిసిపోయిందో చూపించాడు. కారెన్ మాలియా 2009లో క్రియేటివ్ డైరెక్టర్ స్థాయికి మహిళలు ఎందుకంత అరుదుగా చేరుతున్నారో రాసింది. విద్యార్థుల్లో, క్లయింట్లతో వ్యవహరించే అకౌంట్ విభాగాల్లో మహిళలు నిండుగా ఉంటారు. క్రియేటివ్‌లో పైకి వెళ్లేకొద్దీ పలచబడతారు.

ఇంకోటి, మా దగ్గర డిగ్రీ కన్నా పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల నమూనాలు) ముఖ్యం. పైగా చాలాచోట్ల కాపీరైటర్‌, ప్రకటన బొమ్మలు, రూపం చూసే ఆర్ట్ డైరెక్టర్‌ జంటగా పనిచేస్తారు. 1949లో మొదలైన డీడీబీ ఏజెన్సీలో బిల్ బెర్న్‌బాక్ ఈ జంట పద్ధతిని నిలబెట్టాడు. ఆలోచన ఇద్దరి మధ్య పుడుతుంది, అది గొప్ప పద్ధతే. కానీ జంటలో ఒకరు ఏజెన్సీ మారినా, బిడ్డ పుట్టి సెలవు పెట్టినా రెండోవారి ఉద్యోగం కూడా ఊగుతుంది. ఒక్కొక్క మనిషినీ విడిగా తీసుకుని సర్వే చేస్తే ఇది దొరకదు. నా పార్ట్‌నర్ మానేసినప్పుడు నన్నూ వేరే అకౌంట్‌కు, అంటే వేరే క్లయింట్ పనికి, మార్చారు. ఆ మార్పు నుంచి తేరుకోవడానికి చాలా కాలం పట్టింది.

రెండో పేజీ

తెల్ల కాగితం గారూ, సీరియళ్లలో జంటలకంటే మీ జంటలకే కష్టాలు ఎక్కువలా ఉన్నాయి!

తెల్ల కాగితం

హహ, మా విడాకులకు భరణం కూడా ఉండదు.

నీలిసిరా

ఇన్ని దారులు ఉన్నాయని అనుకోలేదు. జంట గురించి చెప్పినది నా ప్రశ్నావళిలో లేనేలేదు, చేరుస్తాను. ఇంకో సందేహం. "ఎందుకు మానేశారు" అని అడిగితే అందరూ జీతం, ఒత్తిడి అంటారు. అంతకన్నా లోతుకు ఎలా వెళ్లాలి?

రాత్రి డెస్క్

ఒత్తిడిని తేలిగ్గా తీసుకోకండి. దాన్ని కొలిచే పద్ధతి ఉంది. క్రిస్టినా మస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో బర్నౌట్ కొలమానం తయారుచేశారు. మానసికంగా అలసిపోవడం, మనుషుల మీదా పని మీదా విముఖత పెరగడం, తాను చేసేది దేనికీ పనికిరాదనిపించడం, ఈ మూడింటినీ విడివిడిగా కొలుస్తుంది. దీన్ని స్కాట్ రైనార్డీ పత్రికా ఉద్యోగులకు వాడాడు. 2011లో వచ్చిన వ్యాసంలో ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్టు తేలింది ఎవరో తెలుసా? చిన్న పత్రికల్లో పనిచేసే యువ కాపీ ఎడిటర్లు, పేజీ డిజైనర్లు.

అది చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. బయట అందరూ రిపోర్టర్ కష్టాల గురించే మాట్లాడతారు. అర్ధరాత్రి పేజీ వదిలేవాడికి బైలైన్ (వార్తతో పాటు వేసే పేరు) ఉండదు, తప్పు దొర్లితే మెమో మాత్రం ఉంటుంది. మూడింటిలో నన్ను తినేసింది మూడోది. అలసట నిద్రపోతే తగ్గుతుంది. నేను చేసేది ఎవరికీ అక్కర్లేదన్న భావన నిద్రతో పోదు.

ఎర్రపెన్ను

రాత్రి డెస్క్ గారి మాట మనసుకు తగిలింది. అయినా ఒక మాట అనాలి. వదిలేసిన ప్రతివాళ్లూ బాధితులన్న నమ్మకంతో పరిశోధన మొదలుపెట్టకూడదు. నేను మానేసి కార్పొరేట్ కమ్యూనికేషన్స్‌కు వెళ్లాను. సాయంత్రం ఇంటికి వస్తాను, పిల్లలతో ఉంటాను. నాకు ఏ విచారమూ లేదు. నాలాంటివాళ్లు ఇంటర్వ్యూకు ముందుకు రారు, మాకు చెప్పుకోవాల్సిన గోడు లేదు కాబట్టి. బాధపడ్డవాళ్లే ముందుగా చేయెత్తుతారు. వాళ్ల ద్వారా ఇంకొకరు, వారి ద్వారా మరొకరు అని స్నోబాల్ పద్ధతిలో పోతే ఒకే రకం కథలు దొరుకుతాయి.

కంట్రిబ్యూటర్

ఎర్రపెన్ను గారికి కార్పొరేట్ తలుపు తెరుచుకుంది. ఇంగ్లీష్ రాని రిపోర్టర్‌కు ఆ తలుపు ఎక్కడుంది? వదిలెయ్యడం కూడా కొందరికే అందే సౌకర్యం.

ఎర్రపెన్ను

అది నిజమే. కాదనను. ఎవరు ఎక్కడికి వెళ్లగలిగారన్నది ఎందుకు వెళ్లారన్న దానికన్నా పెద్ద ప్రశ్న కావచ్చు.

పాత సబ్ ఎడిటర్

ఈ గొడవకు దగ్గరగా ఆస్ట్రేలియాలో మంచి పని జరిగింది. 2012లో అక్కడి పెద్ద పత్రికా సంస్థలు ఒకేసారి చాలామందిని తీసేశాయి. వాళ్లు ఏమయ్యారో కనుక్కోవడానికి లారీ జయన్ నాయకత్వంలో 'న్యూ బీట్స్' అనే ప్రాజెక్టు పెట్టి, కొన్నేళ్ల పాటు అడుగుతూ పోయారు. చాలామందికి మళ్లీ పని దొరికింది. కానీ ఒక్క ఉద్యోగం స్థానంలో కాస్త ఫ్రీలాన్స్, కాస్త పీఆర్, కాస్త పాఠాలు చెప్పడం వచ్చి చేరాయి. ఉద్యోగం పోయాక కూడా తమను జర్నలిస్టులుగానే అనుకుంటున్నారా అని కూడా అడిగారు. ఈ ప్రశ్న మీ ఇంటర్వ్యూలో తప్పక ఉండాలి. నేను రిటైరయ్యాక కూడా పేపర్ తెరిస్తే ముందు హెడ్డింగ్ దిద్దుతాను, మా ఆవిడ పెన్ను దాచేస్తోంది.

ఫ్రేమ్ దాటి

నిక్కీ అషర్ 2010లో ఇంకో దారి పట్టింది. ఉద్యోగం పోయిన, మానేసిన జర్నలిస్టులు రాసుకున్న వీడ్కోలు రాతలను తీసుకుని విశ్లేషించింది. కమిటీ కంటెంట్ అనాలిసిస్ కావాలంటోంది కదా, ఒక అధ్యాయం ఇలా పెట్టండి. వాళ్ల కోరికా తీరుతుంది, మీ అంశమూ చెక్కుచెదరదు.

గణాంకం

బాగుంది. కానీ వీడ్కోలు లేఖ తోటివాళ్లు చదువుతారని తెలిసి రాసేది. అందులో కృతజ్ఞత ఎక్కువ, కోపం తక్కువ ఉంటుంది. చెప్పకుండా పోయినవాళ్లు అసలు రాయరు.

సంతకం లేని వ్యాసం

మీరంతా ఎవరు బయటికి వెళ్లారని మాట్లాడుతున్నారు. ఎవరు లోపలికే రాలేదన్నది ఇంకా ఎవరూ ఎత్తలేదు.

1996లో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో ఒక దళిత జర్నలిస్టు కోసం వెతికి, దొరకక, ఆ సంగతే వ్యాసంగా రాశాడు. పదేళ్లకు 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ కలిసి ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లీష్ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే స్థానాల్లో ఉన్న 315 మందిని లెక్కించారు. దళితులు, ఆదివాసీలు ఒక్కరూ లేరు. బ్రిటన్‌లో కూడా 2006లోనే సట్టన్ ట్రస్ట్ 100 మంది అగ్రశ్రేణి జర్నలిస్టుల చదువు చూస్తే సగం మందికి పైగా ఫీజులు కట్టి చదివే ప్రైవేటు స్కూళ్లవాళ్లు.

ప్రవేశం దగ్గర జీతం లేని ఇంటర్న్‌షిప్ కూర్చుని ఉంది. దీన్ని క్యూన్, కారిగన్ 2013లో 'హోప్ లేబర్' అన్నారు. ఇవాళ ఊరికే చేస్తే రేపు ఉద్యోగం ఇస్తారన్న ఆశతో చేసే పని అది. ఆ రేపు వచ్చేదాకా ఇంట్లోవాళ్లు పోషించగలిగితేనే ఆ ఆశ పెట్టుకోగలం. నేను ఇంటర్న్‌షిప్ మధ్యలో మానేశాను. ఏ సర్వేలోనూ నేను 'వదిలేసిన జర్నలిస్టు'గా కనిపించను, ఎందుకంటే నన్ను ఎవరూ జర్నలిస్టు అనలేదు.

నీలిసిరా

మీరు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. మొదటి ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నా లెక్క మొదలుపెట్టాలనుకున్నాను. ఇప్పుడు కోర్సులో చేరిన రోజు నుంచి మొదలుపెడతాను. అప్పుడే ఇంటర్న్‌షిప్‌లో ఆగిపోయినవాళ్లు కూడా వస్తారు. కానీ అందరినీ ఎక్కడ పట్టుకోవాలి?

ఫ్రేమ్ దాటి

పాత పత్రికల బైలైన్లు. ఒక సంవత్సరం ఎంచుకుని పేర్లు రాసుకోండి, అయిదేళ్ల తర్వాతి సంచికల్లో ఎన్ని మిగిలాయో చూడండి.

రాత్రి డెస్క్

మళ్లీ డెస్క్ వాళ్లం మాయం.

తెల్ల కాగితం

కాపీరైటర్లూ మాయం. ప్రకటన కింద పేరు వెయ్యరు. అవార్డుల జాబితాల్లో పేర్లుంటాయి గానీ అవి గెలిచినవాళ్లవి మాత్రమే.

గణాంకం

అందుకే నమూనా కాలేజీ నుంచే తీసుకోవాలి. రెండు మూడు బ్యాచ్‌ల పూర్తి జాబితా సంపాదించండి, ఎంతమంది దొరక్కపోయారో కూడా థీసిస్‌లో రాయండి. విశ్లేషణకు సర్వైవల్ అనాలిసిస్ సరిపోతుంది. వైద్యంలో రోగి ఎంతకాలం బతికాడో లెక్కగట్టే పద్ధతే ఇక్కడ ఉద్యోగంలో ఎంతకాలం ఉన్నాడన్నదానికి వాడతారు. ఇంకా పనిలో ఉన్నవాళ్లను కూడా అందులో సరిగ్గా లెక్కలోకి తీసుకోవచ్చు.

ఇంటర్వ్యూలో 'ఎందుకు'తో మొదలుపెట్టవద్దు. జరిగిపోయినదానికి మనిషి తర్వాత ఒక కారణం అల్లుకుంటాడు. ముందు క్యాలెండర్ గీయించండి: ఎప్పుడు చేరారు, ఎప్పుడు బదిలీ, పెళ్లి, పిల్లలు, జీతం ఆగిన నెలలు, ఎడిటర్ మారిన సంవత్సరం. అన్నీ ఒకే వరుసలో కనబడితే మనిషి తనే "అవును, అది జరిగాకే వెతుక్కోవడం మొదలుపెట్టాను" అంటాడు.

పాత సబ్ ఎడిటర్

పేర్లు దాచడం గురించి కూడా గట్టిగా ఆలోచించండి. ఇది చిన్న లోకం. పేరు తీసేసినా, ఫలానా డెస్క్, ఫలానా ఎడిషన్, ఫలానా సంవత్సరం అని రాస్తే మేమందరం ఇట్టే గుర్తుపడతాం. కొందరు డబ్బులు తీసుకుని వెళ్లేటప్పుడు సంస్థ గురించి మాట్లాడబోమని సంతకం పెట్టి ఉంటారు. వాళ్లకు మీవల్ల చిక్కు రాకూడదు.

నీలిసిరా

వివరాలు మార్చి రాసి, అచ్చుకు ముందు వారికే చూపిస్తాను. కమిటీకి బ్రీడ్ వ్యాసంతోనే మొదలుపెడతాను. ఎదగాలన్న ఆశ రాతను మారుస్తుందని చూపించాక, ఆ ఆశ తెగిపోయినప్పుడు ఏమవుతుందని అడగడం సహజమే కదా. నిర్వచనంలో ఆదాయం షరతు తీసేస్తున్నాను. గత ఏడాదిలో పని అచ్చయినా ప్రసారమైనా చాలు. కంట్రిబ్యూటర్ గారూ, మీతో మాట్లాడవచ్చా?

కంట్రిబ్యూటర్

తప్పకుండా. నాతోపాటు ఇంకొందరిని కూడా పిలుస్తాను. పగలు మాత్రం వద్దు, వార్తలుంటాయి.

కట్ పేస్ట్

ఇప్పుడే మొత్తం చదివాను. టీవీలో వీడియో ఎడిటర్లు, గ్రాఫిక్స్ వాళ్లు, కెమెరామెన్ ఏ లెక్కలోకి వస్తారు? ఐడీ కార్డు మీద 'టెక్నికల్' అని ఉంటుంది గానీ ఏ షాట్ ముందు, ఏ బైట్ ఎంతసేపు అన్నది చాలా రాత్రులు మేమే తేలుస్తాం.

నీలిసిరా

పని ప్రసారమవుతోంది కాబట్టి వస్తారు. మీరు ఏ కోర్సు చదివి వచ్చారో చెప్పండి. జర్నలిజం కాకపోతే కాలేజీ జాబితాలో మీలాంటివాళ్లు దొరకరు, వేరే దారి వెతకాలి.

కట్ పేస్ట్

మల్టీమీడియా డిప్లొమా. మా ఎడిటింగ్ సూట్‌లో దాదాపు అందరిదీ అదే.